సాఫ్ట్‌వేర్ రేడియో: మూలపాఠము నుండి పనిముట్టు వరకు

పాతకాలపు రేడియో పెట్టె వెనుక మూత విప్పి చూచినవారికి తీగచుట్టలు, కండెన్సర్లు, వాల్వులు, నాబు త్రిప్పగా కదలెడి రేకుల గాంగు కనబడెడివి. స్టేషనును ఎన్నుకొనుట ఒక భాగము పని. వాహక తరంగము నుండి ధ్వనిని వేరుచేయుట మరియొక భాగము పని. ఏ భాగము చెడినదో తెలిసినవాడు దానిని మార్చి రేడియోను మరల పలికించగలిగెడివాడు.

నేడు విద్యార్థి చేతికి వచ్చుచున్న రేడియో బొటనవ్రేలికంటె కొంచెము పెద్దది. దానికి నాబు లేదు, స్పీకరు లేదు. కంప్యూటరు యూఎస్‌బీ రంధ్రములో గ్రుచ్చి యాంటెనా తగిలించుటయే. ఇది తరంగమును పట్టి అంకెలుగా మార్చి కంప్యూటరునకు అందించును. మిగిలిన రేడియో అంతయు కంప్యూటరులో ప్రోగ్రాము రూపమున ఉండును. ఇట్టి రేడియోనే సాఫ్ట్‌వేర్ రేడియో అందురు. 1992లో అమెరికా ఇంజనీరు జోసెఫ్ మిటోలా ఒక సాంకేతిక సభలో చదివిన పత్రము వలన ఈ పేరు ప్రచారములోనికి వచ్చినది. మరి ఇటువంటి రేడియో పలుకకపోయినచో ఏ మూత విప్పి చూడవలెను?

మంచిర్యాల జిల్లా కాసిపేటలో ఈ ప్రశ్న నా ముందునకు వచ్చినది. అక్కడి ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు సారు, తొమ్మిదవ తరగతి పిల్లలు చందా వేసికొని ఇటువంటి చిన్న గ్రాహకమును తెప్పించుకొన్నారు. పేరు ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ బ్లాగ్ వీ4. బడిలో ఉన్నది పాత 32 బిట్ల కంప్యూటరు. దానిలో డెబియన్ 12 అను లినక్స్ ఉన్నది. ఆ లినక్స్ భాండారములో సిద్ధముగా దొరకిన రేడియో ప్రోగ్రామును దించుకొని ఎఫ్‌ఎం స్టేషను కొరకు వెదకినారు. బుసబుసలు తప్ప మాట లేదు. తెరపై మాత్రము 'పీఎల్‌ఎల్ లాక్ కాలేదు' అని ఒక వాక్యము పడుచుండెను. అమ్మినవారికి వ్రాయగా సరుకు మంచిదే, తిరిగి తీసికొనము అని జవాబు వచ్చినది. 'ఇది పాడైపోయింది సారూ, మా పైసలు పోయినయి' అని పిల్లలు దానిని నాకు తెచ్చి ఇచ్చినారు. నేనును రెండు సాయంత్రములు యాంటెనానే అనుమానించి మేడపైకి ఎక్కి దిగినాను. తరువాత గాని తెలియలేదు: పాడైనది పరికరము కాదు, ప్రోగ్రాములోని ఒక అంకె.

ఆ అంకె కథ చెప్పుటకు ముందు గ్రాహకము పని చేయు తీరు కొంత తెలిసికొనవలెను. ఇందులో ముఖ్యమైన చిప్పులు రెండు. మొదటిది ట్యూనరు. అది కోరిన పౌనఃపున్యమును ఎన్నుకొని దానిని 3.57 మెగాహెర్ట్జ్ అను మధ్యమ పౌనఃపున్యమునకు దించును. రెండవది ఆర్‌టీఎల్2832యూ. ఇది టెలివిజను చూచుటకై చేసిన చిప్పు. సెకనుకు 2 కోట్ల 88 లక్షల సార్లు తరంగమును కొలిచి, ఆ కొలతలను కుదించి, సెకనుకు 24 లక్షల జతల అంకెలుగా కంప్యూటరునకు పంపగలదు. జతలోని ఒక్కొక్క అంకె ఒక్కొక్క బైటు. కనుక సెకనుకు 48 లక్షల బైట్లు, నిమిషమునకు 28 కోట్ల 80 లక్షల బైట్లు! రేడియో అంతయు కంప్యూటరులో ఉన్నదనుట అతిశయోక్తి కాదని ఈ లెక్కయే చెప్పును.

టీవీ చిప్పు ఇట్లు పచ్చి అంకెలను బయటికి ఇచ్చునని దానిని కొన్నవారికి తెలియదు. ఎరిక్ ఫ్రై, ఫిన్లండు దేశపు ఆంట్టి పాలోసారి, ఓస్మోకామ్ బృందమునకు చెందిన స్టీవ్ మార్క్‌గ్రాఫ్ మున్నగువారి పరిశోధన వలన 2012 నాటికి ఈ గుట్టు బయటపడినది. వారు వ్రాసిన ప్రోగ్రామును జీపీఎల్ అను అనుమతిపత్రము క్రింద లోకమునకు విడిచినారు. ఎవరైనను దానిని చదువవచ్చును, మార్చవచ్చును, మార్చినదానిని అదే షరతుపై ఇతరులకు ఇవ్వవచ్చును. మన కథకు ఆధారము ఈ అనుమతియే.

ఇక అంకె మాట. ట్యూనరులో ఒక ఆందోళకము ఉన్నది. దానికి కొలబద్ద ఒక స్ఫటికము, అనగా క్రిస్టల్. ఆర్828డీ అను ట్యూనరు గల వెనుకటి గ్రాహకములలో ఆ స్ఫటికము 16 మెగాహెర్ట్జ్‌లది. వీ4 లోను ట్యూనరు ఆర్828డీయే. కాని దాని స్ఫటికము 28.8 మెగాహెర్ట్జ్‌లది. పాత ప్రోగ్రాము ట్యూనరు పేరు చూచి 16 అనుకొని గుణించును. నిజముగా ఉన్నది 28.8. 28.8ని 16చే భాగించిన 1.8 వచ్చును. ప్రోగ్రాము కోరిన ప్రతి పౌనఃపున్యమును ట్యూనరు 1.8 రెట్లుగా అర్థము చేసికొనును.

విద్యార్థులు ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును. 100 మెగాహెర్ట్జ్‌ల స్టేషను కావలెననుకొందము. దానికి మధ్యమ పౌనఃపున్యము 3.57 కలుపగా 103.57. ట్యూనరులోని ఆందోళకము సుమారు 1770 నుండి 3540 మెగాహెర్ట్జ్‌ల వరకు మాత్రమే పలుకును. కనుక ప్రోగ్రాము 103.57ను 32చే హెచ్చించి 3314 పలుకుమని ఆజ్ఞ ఇచ్చి, వచ్చినదానిని 32చే భాగించుకొనుమని చెప్పును. కాని స్ఫటికము తేడా వలన ఆ ఆజ్ఞ ట్యూనరునకు 5966 అని వినబడును. అంత ఎత్తున అది పలుకలేదు. అదే 'లాక్ కాలేదు' అను వాక్యమునకు అర్థము. పౌనఃపున్యము అనుకూలించి ఒకవేళ లాక్ అయినను, అది మనము కోరని వేరొక చోట నిలుచును.

కాసిపేటవారికి ఈ చిక్కు సులభముగా బోధపడినది. వారి ఊరిపేరు చెప్పగానే దూరపువారు వరంగల్లు దగ్గరి కాజీపేట జంక్షను అనుకొందురు. జిల్లా పేరు కూడ చూచినవాడే సరిగా చేరును. వీ4 గ్రాహకములో కూడ ఒక చిన్న జ్ఞాపకపు చిప్పున దాని పూర్తి పేరు వ్రాసి ఉన్నది. కొత్త ప్రోగ్రాము ట్యూనరు పేరుతో ఆగక ఆ పూర్తి పేరును కూడ చదువును. 'బ్లాగ్ వీ4' అని కనబడినచో 28.8ని తీసికొనును, లేనిచో 16ను. ఇంతేకాక వీ4 లో యాంటెనా దారులు మూడు: 28.8 మెగాహెర్ట్జ్‌ల లోపు ఒకటి, అక్కడినుండి 250 వరకు ఒకటి, ఆపైన ఒకటి. ఏ దారిని ఎప్పుడు తెరువవలెనో కొత్త పాఠమునకే తెలియును.

మరి భాండారములోని ప్రోగ్రాము ఏల పాతది? ఇందులో ఎవరి తప్పును లేదు. డెబియన్ 12 వెలువడినది 2023 జూనులో. వీ4 వెలువడినది అదే సంవత్సరము ఆగస్టులో. ఒకసారి వెలువడిన తరువాత భాండారములోని ప్రోగ్రాములను, భద్రతా లోపములు వంటివి తప్ప, మార్చకూడదని డెబియన్ వారి నియమము. స్థిరత్వము కొరకు అది మంచి నియమమే. 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చినది గాని, దానిని 32 బిట్ల పాత కంప్యూటర్లపై కొత్తగా ప్రతిష్ఠించుటకు వీలు లేదు. బడిలో ఉన్నదేమో అటువంటి కంప్యూటరే. కొత్త కంప్యూటరు కొనుటకు డబ్బు లేదు. మిగిలిన మార్గము ఒక్కటే: కొత్త మూలపాఠమును తెచ్చి, ఆ కంప్యూటరుపైననే ప్రోగ్రామును కట్టుకొనుట.

మూలపాఠము, అనగా సోర్సు కోడు, మనుష్యుడు చదువగల భాషలో ఉండును. ఇక్కడ అది సీ భాష. గని వర్క్‌షాపులోని ఫిట్టరునకు మోటారు డ్రాయింగు ఎట్టిదో ప్రోగ్రాముకు మూలపాఠము అట్టిది. కాని ప్రాసెసరు సీ భాషను ఎరుగదు. ఇంటెల్ జాతి ప్రాసెసరు యంత్రభాష ఒకటి, ఫోన్లలోను రాస్బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్లలోను ఉండు ఆర్మ్ జాతి యంత్రభాష మరియొకటి. మూలపాఠమును యంత్రభాషలోనికి మార్చు ప్రోగ్రామును కంపైలరు అందురు. అట్లు మార్చిన ముక్కలను, ఇతరులు ముందే వ్రాసి ఉంచిన లైబ్రరీలతో ముడివేయు పనిని లింకు చేయుట అందురు. ముడివేసిన దస్త్రమును ఆపరేటింగ్ సిస్టము గుర్తించవలెను. లినక్స్‌కు ఈఎల్‌ఎఫ్ అను అమరిక, విండోస్‌కు పీఈ అను అమరిక, మాక్‌కు మాక్-ఓ అను అమరిక ఉన్నవి. ఒకదానికై కట్టినది మరియొకదానిపై నడువకపోవుటకు కారణము ఇదియే. మూలపాఠము మాత్రము ఒక్కటే. అక్కడక్కడ 'ఇది విండోస్ అయినచో ఈ వరుస, కానిచో ఆ వరుస' అను విభజన పంక్తులు అందులోనే వ్రాసి ఉండును.

మా పని మొదట లినక్స్ పైననే జరిగినది. కావలసిన సామగ్రి కొంచెమే: సీ కంపైలరు, పాఠమును దించుకొనుటకు గిట్, ఏ సామగ్రి ఎక్కడ ఉన్నదో వెదకి పనిపట్టీ తయారుచేయు సీమేక్, ఆ పట్టీ ప్రకారము పని నడపు మేక్, యూఎస్‌బీ పరికరములతో మాట్లాడు లిబ్‌యూఎస్‌బీ అను లైబ్రరీ. ఈ చివరిదానిని గూర్చి ఒక మాట. యూఎస్‌బీతో మాట్లాడు పద్ధతి లినక్స్‌లో ఒక విధము, విండోస్‌లో ఒక విధము, మాక్‌లో ఇంకొక విధము. ఈ మూడింటికిని పైన లిబ్‌యూఎస్‌బీ ఒకే ముఖము తొడుగును. మన పాఠము ఆ ముఖముతో మాట్లాడిన చాలును. ఇది లేనిచో రేడియో పాఠమును మూడు మారులు వ్రాయవలసి వచ్చెడిది.

సీమేక్ నడపగానే 'లిబ్‌యూఎస్‌బీ కనబడలేదు' అని ఆగిపోయినది. 'ఉన్నది కద సారూ, లేదంటదేంది?' అని ఒక బాలుడు అడిగినాడు. అతని ప్రశ్న సబబైనదే. నడచుటకు కావలసిన లైబ్రరీ కంప్యూటరులో ఉన్నది. కాని కట్టుటకు కావలసిన శీర్షిక దస్త్రములు, అనగా హెడర్లు, లేవు. లైబ్రరీలో ఏ పనికి ఏ పేరు, దానికి ఏమేమి అందించవలెను అను జాబితాయే హెడరు. కంపైలరు ఆ జాబితా లేనిదే ముందుకు సాగదు. డెబియన్‌లో హెడర్లు 'డెవ్' అను తోకగల వేరు పొట్లములో ఉండును. వాడుకొనువారికి అవి అక్కరలేదు, కట్టువారికే కావలెను. మూలపాఠము నుండి కట్టబోయి మొదటిరోజుననే విసిగి మానుకొన్నవారిలో చాలమంది ఈ గడప దగ్గరనే ఆగినవారని నా అనుభవము.

ఆ పొట్లము తెచ్చిన తరువాత సీమేక్ సాగినది, మేక్ సాగినది. ఆ పాత కంప్యూటరుపై కూడ ఐదు నిమిషములు పట్టలేదు. ఇన్‌స్టాల్ చేసి, గ్రాహకమును తగిలించి చూచితిమి. మరల అదే బుసబుస, అదే వాక్యము!

పిల్లల ముఖములు చిన్నబోయినవి. నాకును చెమట పట్టినది. అప్పుడు ఎల్‌డీడీ అను పనిముట్టుతో, ఈ ప్రోగ్రాము నడచునపుడు ఏ లైబ్రరీని పిలుచుచున్నదో అడిగి చూచినాను. సంగతి తేలిపోయినది. భాండారము నుండి వచ్చిన పాత లైబ్రరీ ఒక సంచయికలో, మేము కట్టిన కొత్త లైబ్రరీ మరియొక సంచయికలో ఉన్నవి. రెంటి పేరును ఒక్కటే. కొత్త ప్రోగ్రాము పాత లైబ్రరీని పిలుచుచున్నది. మరల కాసిపేట, కాజీపేట! పాత పొట్లమును పూర్తిగా తొలగించి, లైబ్రరీల జాబితాను ఎల్‌డీకాన్ఫిగ్‌తో తాజాపరచితిమి. ఈసారి 'బ్లాగ్ వీ4 కనబడినది' అని తెరపై పడినది. ఆకాశవాణి వారి మాట వినబడినపుడు గదిలో లేచిన కేకకు పక్క తరగతి ఉపాధ్యాయురాలు వచ్చి చూచినారు.

లినక్స్‌లో ఇంకను రెండు చిన్న ఆటంకములు కలవు. ఈ చిప్పు టీవీకై పుట్టినది కనుక లినక్స్ దానిని చూడగానే టీవీ డ్రైవరును తెచ్చి తగిలించును. ఆ డ్రైవరు పట్టు వదలనిదే మన ప్రోగ్రాము దానిని ముట్టలేదు. దాని పేరును నిషేధపు జాబితాలో వ్రాయవలెను, లేదా కట్టునపుడే దానిని విడిపించు ఎంపికను సీమేక్‌కు చెప్పవలెను. రెండవది అనుమతి. సామాన్య వాడుకరి యూఎస్‌బీ పరికరమును నేరుగా ముట్టుటకు యూడెవ్ అను విభాగములో ఒక నియమము ఉండవలెను. ఆ నియమపు దస్త్రము మూలపాఠముతోడనే వచ్చును. ఇది చేయక, ప్రతిమారు నిర్వాహకుని హోదాలో రేడియోను నడపువారు కలరు. పిల్లలకు ఆ అలవాటు చేయరాదు.

విండోస్‌లో కష్టము వేరొక చోట ఉన్నది. అక్కడ పరికరమునకు విన్‌యూఎస్‌బీ అను సామాన్య డ్రైవరు తగిలించిన గాని లిబ్‌యూఎస్‌బీ దానితో మాట్లాడలేదు. జాడిగ్ అను చిన్న పనిముట్టు ఈ మార్పు చేయును. అందులో జాబితా నుండి పరికరమును ఎన్నుకొనునపుడు కండ్లు తెరచి చూడవలెను. పొరపాటున మౌసునో కీబోర్డునో ఎన్నుకొన్నచో అది పనిచేయుట మానును. నేను ఎరిగిన ఒక ల్యాబులో అట్లు జరిగి ఒక పూట వృథా అయినది. కట్టుటకు ఎంసిస్2 అను సామగ్రిపెట్టె అనుకూలము. రేడియో ప్రోగ్రాములో ఒక పోగు అంకెలను అందుకొనుచుండగా మరియొక పోగు వాటి నుండి ధ్వనిని తీయుచుండును. ఈ పోగులను నడపుటకు లినక్స్, మాక్‌లకు పోసిక్స్ అను ఉమ్మడి ప్రమాణము ఉన్నది. విండోస్‌ది స్వంత పద్ధతి. కనుక అక్కడ నడుమ ఒక వంతెన లైబ్రరీ కావలెను. అది ఎంసిస్2లో సిద్ధముగా దొరకును. కట్టిన తరువాత డీఎల్‌ఎల్ దస్త్రములను ప్రోగ్రాము ప్రక్కననే ఉంచవలెను.

మాక్‌లో డ్రైవరు గొడవ లేదు. యాపిల్ వారి కంపైలరు పనిముట్లు, హోమ్‌బ్రూ నుండి లిబ్‌యూఎస్‌బీ, సీమేక్ తెచ్చుకొన్న చాలును. 2020 చివర నుండి వచ్చిన యాపిల్ స్వంత ప్రాసెసరు గల మాక్‌లలో హోమ్‌బ్రూ తన సామగ్రిని వెనుకటి చోట గాక వేరొక సంచయికలో ఉంచును. పాత సూచనలను చదివి పని చేయువారు ఇక్కడ తడబడుదురు. ఆ చోటును సీమేక్‌కు చెప్పిన చాలును.

హ్యాక్‌ఆర్‌ఎఫ్ అను పెద్ద పరికరమునకు కూడ హోస్టు పనిముట్లను కట్టు తీరు ఇదియే. దానికి అదనముగా ఎఫ్‌ఎఫ్‌టీడబ్ల్యూ అను గణిత లైబ్రరీ కావలెను. ఆ పేరులోని చివరి అక్షరమునకు 'పడమటి సీమలో' అని అర్థము. పడమటి సీమలో అన్నిటికంటె వేగమైన ఫూరియర్ పరివర్తనము అట! ఎంఐటీ వారు పెట్టిన ఈ పేరు కౌబాయి కథలను తలపించును. హ్యాక్‌ఆర్‌ఎఫ్ 1 నుండి 6000 మెగాహెర్ట్జ్‌ల వరకు వినగలదు. అంతేకాదు, ప్రసారము చేయగలదు కూడ. లైసెన్సు లేనిదే ప్రసారము చేయుట నేరము. ఆసక్తి గలవారు అమెచ్యూరు రేడియో పరీక్షకు చదువవలెను. ఈ విద్య నేర్పుటకు హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో ఏర్పడినది. బడులకు నా సలహా, మొదట వినుటకే పరిమితమైన చిన్న గ్రాహకము చాలును.

కాసిపేట పిల్లలు ఆ తరువాత నా సహాయము లేకయే మరియొక ప్రోగ్రామును మూలపాఠము నుండి కట్టుకొన్నారు. దాని పేరు డంప్1090. విమానములు తమ స్థానమును, ఎత్తును 1090 మెగాహెర్ట్జ్‌లపై చాటుచుండును. ఆ తరంగపు పొడవు 27.5 సెంటీమీటర్లు. దానిలో నాల్గవ వంతు, సుమారు 6.9 సెంటీమీటర్లు, రాగితీగ కత్తిరించి యాంటెనా చేసినారు. కాసిపేట నుండి శంషాబాదు, నాగపూరు విమానాశ్రయములు రెండును ఇంచుమించు సమదూరములో, 220, 230 కిలోమీటర్ల ప్రాంతమున ఉన్నవి. 10,000 మీటర్ల ఎత్తున పోవు విమానము రెండు దిక్కులలోను చక్కగా కనబడుచున్నది. శంషాబాదులో దిగునది మాత్రము దిగకముందే పటము నుండి మాయమగుచున్నది. ప్రోగ్రాము మరల చెడినదా అని పిల్లలు అడిగినారు.

ఈసారి ప్రోగ్రాము సరిగానే ఉన్నది. భూమి గుండ్రముగా ఉన్నది. మీటర్లలో ఎత్తునకు వర్గమూలము కట్టి 3.57చే హెచ్చించిన, ఆ ఎత్తు నుండి దిగంతము ఎన్ని కిలోమీటర్లో వచ్చును. 10,000 మీటర్లకు 357 కిలోమీటర్లు. తిరుగు లెక్కలో 226 కిలోమీటర్లకు సుమారు 4,000 మీటర్లు. వాతావరణములో రేడియో తరంగము కొంచెము వంగును కనుక నిజముగా ఇంకను దిగువవరకు, సుమారు 3,000 మీటర్ల వరకు, కనబడవలెను. అడ్డముగా గుట్టలు, చెట్లు ఉన్న దిక్కున అంత దిగువకు రాదు. ఏ విమానము ఏ ఎత్తున మాయమైనదో పిల్లలు ఇప్పుడు నోటుబుక్కులో పట్టిక వేయుచున్నారు. నాగపూరు వైపు పట్టిక ఇంకను నిండలేదు.